పాడేవాళ్ళు లేని పాటలు

"కిటికీ మూయమని ఇందాకట్నుంచీ చెప్తున్నా. నా కీళ్ళు పట్టేస్తున్నాయని నీ మొగుడితో చెప్పు," అంది అత్తగారు.

"మూస్తే నాకు ఊపిరాడదని మా అమ్మతో చెప్పు," అన్నాడు భర్త.

ఇద్దరూ ఒకే సోఫాకి చెరో చివర కూర్చున్నారు. ఆవిడ పాత కుట్టుమిషన్ని అతను అడగకుండా ఎవరికో ఇచ్చేసిన రోజు నుంచి తల్లీకొడుకులు మాట్లాడుకోవడం లేదు. ఏ మాటైనా కోడలి మీదుగా వెళ్ళాల్సిందే. ఆమె కాస్త మెత్తబరిచి చెబితే, "నేనలా అన్నానా?" అని ఇద్దరూ ఆమె మీదికే వస్తారు.

ఆమె లేచి ఒక రెక్క మూసింది. ఇద్దరికీ నచ్చలేదు.

పగలు కూడా ఆమెది ఇదే పని. కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను. జనం తిట్లు లైన్‌మన్‌కీ, లైన్‌మన్ విసుగు జనానికీ మర్యాదగా మార్చి అందించాలి. ఆమె అవస్థ చూడలేక పక్క సీటావిడ నెల కిందట ఒక ఆల్బం పంపింది. "పోస్ట్ రాక్ అంటారట. గిటార్లూ డ్రమ్సూ తప్ప నోరెత్తేవాళ్ళుండరు. విను."

బట్టలు మడతపెడుతూ మళ్ళీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. ఒక్క గిటారు, అవే నాలుగు స్వరాలు మళ్ళీ మళ్ళీ, ఏ తొందరా లేనట్టు. కూతురొచ్చి ఒకటి లాక్కుని తన చెవిలో పెట్టుకుంది.

"ఎవరూ పాడట్లేదేంటమ్మా? ఏం చెప్తోంది మరి?"

"ఏమీ చెప్పదు. ఎవరికో చెప్పమని కూడా అనదు."

"బోర్," అని తిరిగిచ్చేసింది.

ఇన్నాళ్ళూ డ్రమ్స్ అందుకునే చోటికి వచ్చేసరికి ఎవరో ఒకరు పిలిచేవారు. ఆమె ఆపేసి లేచేది. ఇవాళా అక్కడికొచ్చేసరికి తల్లీకొడుకులిద్దరి పెదాలూ కదిలాయి. ఒకరికొకరు చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు.

ఆమె ఇయర్‌ఫోన్స్ తియ్యలేదు.

గిటార్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి, మూసిన తలుపుల్ని గాలి తోసుకొచ్చినట్టు. కళ్ళు నిండాయి. ఈ దుఃఖం ఫలానావాళ్ళకి అందించమని ఎవరూ అనలేదు. ఇది అచ్చంగా తనది. చివరికి ఒక్క గిటారే మిగిలి, అదీ ఆగిపోయేదాకా తువ్వాలు చేతిలో అలాగే పట్టుకుని విన్నది.

"వినపడుతోందా? ఆ రెండో రెక్క కూడా మూయమని వాడితో..."

ఆమె ఇయర్‌ఫోన్స్ తీసి, తువ్వాలు మడత పూర్తిచేసి, బట్టల దొంతర మీద పెట్టింది.

"ఇకమీదట ఎవరి మాట వాళ్ళే చెప్పుకోండి," అంది ఇద్దరితోనూ, భోజనానికి రమ్మనే గొంతుతోనే. "నేను చేరవెయ్యను."