ఇరవై నాలుగో చెయ్యి

మా కొంకోర్డియా క్లబ్బు మూతపడిందని జిల్లా పేపర్లో నాలుగు వరుసలు వేశారు. సభ్యులకు ఆసక్తి లేక నూట ఒక్క ఏళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బును రద్దు చేశారట. ఆ రాసినవాడు మా హెర్లెస్‌బాఖ్ ఊళ్ళో ఒక్క పూటైనా ఉండి ఉండడు. జరిగింది అది కాదు. ఏం జరిగిందో నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మైదానంలో గడ్డి కోసింది నేను. సున్నం గీతలు గీసింది నేను. తాడు కట్టకుండా, కంటి చూపుతోనే గీసేవాణ్ణి, కావాలంటే కొలుచుకోమనేవాణ్ణి. ఎవడూ కొలవలేదు.

చదువుకున్నవాళ్ళు రాయాల్సింది నేను రాస్తున్నానంటే కారణం ఒక్కటే. వాళ్ళు రాయరు.

పంతొమ్మిది వందల ఇరవై రెండులో గాజు ఫ్యాక్టరీలో సీసాలు ఊదే పదకొండుమంది వాగు పక్కన చిత్తడి నేల చదును చేసుకుని క్లబ్బు పెట్టారు. ఊదీ ఊదీ బుగ్గలు సాగిపోయిన మనుషులు. మొదటి ఆటలో తొమ్మిది గోల్స్ తిన్నారు, ఒక్కటీ కొట్టలేదు. ఆ రాత్రి గెలిచినవాళ్ళకంటే ఎక్కువ తాగారని మా తాత చెప్పేవాడు. ముప్పై తొమ్మిదినాటి జట్టులో ఎనిమిదిమంది పేర్లు ఇప్పుడు చర్చి గోడకున్న యుద్ధమృతుల రాతి మీద ఉన్నాయి. యుద్ధమయ్యాక వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం పాత క్లబ్బు పేర్లు పనికిరావంది. క్లబ్బు ఫ్యాక్టరీ పేరుతో ఆడింది. డెబ్భై నాలుగులో ఒక్క ఏడాది పై లీగులోకి ఎక్కాం. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊళ్ళో ఉన్నది పద్దెనిమిది వందలమంది, ఆట చూడ్డానికి వచ్చింది రెండు వేల పైచిలుకు. మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. ఆ ఒక్క ఏడాదితో సరి, మళ్ళీ దిగిపోయాం.

ఎనభై తొమ్మిది చివర్లో పశ్చిమ జర్మనీ సరిహద్దు తెరుచుకుంది. ఒక ఆదివారం ఆటకు ఏడుగురే వచ్చారు. మిగతావాళ్ళు బవేరియాలో పనులు వెతుక్కున్నారు, చెప్పి కూడా పోలేదు. మరుసటేడు ఫ్యాక్టరీ మూతపడింది. కొంకోర్డియా అన్న పాత పేరు మళ్ళీ పెట్టుకున్నాం. పేరు తిరిగొచ్చింది, మనుషులు రాలేదు. తర్వాత పిల్లల జట్టు పోయింది. ఆ తర్వాత పెద్దల జట్టుకు పదకొండుమంది చాలక వాల్‌స్టెట్ వాళ్ళతో కలిసిపోయాం. మా తాతలు ఏ ఊరివాళ్ళ కాళ్ళు విరగ్గొట్టడానికి ఆదివారం కోసం ఎదురుచూసేవాళ్ళో, ఆ ఊరివాళ్ళతోనే. జెర్సీ మీద రెండు పేర్లు, మాది రెండోది.

ఇదీ చరిత్ర. ఇక మనిషి సంగతి.

మా అధ్యక్షుడు లోథార్ మాస్టారు. ఇరవై ఆరేళ్ళు ఆయనే. అంతకుముందు మా బడిలో లెక్కల మాస్టారు. అందరూ పదో తరగతి దాకా చదివేవాళ్ళు. నన్ను మాత్రం ఎనిమిదితో ఆపి ఫ్యాక్టరీ ప్యాకింగులో వెయ్యమని కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. చెడ్డవాడు కాదు. మా అమ్మతో నెమ్మదిగానే చెప్పాడు, వీడికి చేతులు బాగున్నాయి, తలను బాధపెట్టకండి అని. పద్నాలుగేళ్ళకు సీసాలకు గడ్డి చుట్టే పనిలో చేరాను. ఇప్పుడు యాభై ఏడు.

ఏటా క్లబ్బు సర్వసభ్య సమావేశంలో మాస్టారు నన్ను లేపి నిలబెట్టేవాడు. ఫోల్క్‌మార్ లేకపోతే ఈ క్లబ్బు లేదనేవాడు. అందరూ చప్పట్లకు బదులు బల్లల మీద పిడికిళ్ళతో తట్టేవాళ్ళు. చేతిలో ఒక బుట్ట పెట్టేవాళ్ళు. పొగపెట్టిన సాసేజి, కాఫీ పొడి, పీచ్ పళ్ళ డబ్బా. నేను కూర్చునేవాణ్ణి. తర్వాత పదవుల ఎన్నిక జరిగేది. ఏ పదవికీ, ఏ ఏడాదీ, ఎవడి నోటా నా పేరు రాలేదు.

మా దగ్గర ఎవడి పేరు వాడు చెప్పుకోకూడదు. రాసి ఉన్న నియమం కాదు, అయినా అందరికీ తెలుసు. ఎనభై ఏడులో రోనాల్డ్ అనేవాడు జట్టు కెప్టెన్‌గా తనను తానే ప్రతిపాదించుకున్నాడు. అప్పటినుంచి బేకరీలో, చర్చిలో, బస్సులో వాడు కెప్టెన్ గారే. మొన్న వాడు పోతే, శవపేటిక దించేటప్పుడు నా వెనకనుంచి ఎవడో మెల్లగా అన్నాడు, "కెప్టెన్ గారూ, జాగ్రత్త, మెట్టుంది." నవ్వు ఆపుకోలేక నేను కూడా దగ్గినట్టు నటించాను. అలాంటి ఊరు మాది.

క్లబ్బు ఇంట్లో కౌంటరు పైన ఒక చెక్క పలక ఉంది. ఇరవై రెండునుంచి అధ్యక్షుల పేర్లు బంగారు రంగు అక్షరాల్లో. తొమ్మిది పేర్లు. పదోది నాది కావాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఎవరికీ చెప్పలేదు. గుండె ఆపరేషన్ అయ్యాక మాస్టారు దిగిపోతానన్నప్పుడు ఆ కోరిక ఛాతీలో కూర్చుని కదలనంది.

మార్చి సమావేశంలో అధ్యక్షుడు దొరకలేదు. లీగు వాళ్ళు ఉత్తరం రాశారు, సంతకం పెట్టే మనిషి లేకపోతే ఆటగాళ్ళ నమోదు కుదరదని. జూన్‌లో ఒక ఆదివారం ఉదయం పది గంటలకు ఆఖరి సమావేశం పెట్టారు. అప్పటికీ ఎవరూ దొరక్కపోతే క్లబ్బు రద్దుకు ఓటు, సభ్యులంతా వాల్‌స్టెట్ క్లబ్బులోకి.

అంతకు వారం ముందు క్లబ్బు వంటింట్లో గూడ్రున్ దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా అక్కడ సాసేజీలు కాల్చేది, బీరు పోసేది ఆవిడే. ఊళ్ళో ఎవరు ఏం అనుకుంటున్నారో ఆవిడకు తెలియనిది లేదు. అధ్యక్షుడి పని బరువేనా, ఏమేం రాయాల్సి ఉంటుంది అని ఊరికే అడిగినట్టు అడిగాను.

"ఏడాదికి నాలుగు కాగితాలు. అవి కూడా ఇంగోల్ఫే రాస్తాడు," అంది. ఇంగోల్ఫ్ మా కార్యదర్శి, మునిసిపల్ ఆఫీసులో పని. "పుట్టినరోజులకు ముసలాళ్ళ ఇళ్ళకెళ్ళి చెయ్యి కలపాలి. నీకెందుకయ్యా ఆ గోల?"

"ఊరికే."

ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపి ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. నేను కిటికీలోంచి గోల్ వైపు చూశాను. అంతకంటే చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ ఆదివారం తెల్ల చొక్కా వేసుకున్నాను. ముప్పై రెండుమంది వచ్చారు. నా చొక్కా చూసి మాన్‌ఫ్రెడ్ అడిగాడు, ఎవడన్నా పోయాడా అని. డెబ్భై నాలుగు జట్టు గోల్‌కీపర్ ఆయన, ఎనభై దాటింది. క్లబ్బే పోతోందిగా అన్నాను. అందరూ నవ్వారు.

మాస్టారు గంట కొట్టి అడిగాడు, అధ్యక్ష పదవికి ఎవరి పేరైనా చెబుతారా అని. ఒక్కడూ తల ఎత్తలేదు. బీరు సీసాల మీద కాగితాలు గోళ్ళతో గీరుతున్నారు. ఎవరో ఇంగోల్ఫ్ పేరు చెప్పారు. ఇల్లు కడుతున్నాను, ఆదివారాలు కూడా సిమెంటు పనే అన్నాడతను. ఇంకెవరో గూడ్రున్ పేరు చెప్పారు. మొగుడి జబ్బు కాలు, వంటిల్లు, ఆ రెండూ చాలు నాకు అంది. తర్వాత ష్టెఫెన్ పేరు వచ్చింది. అతను పెళ్ళాంబిడ్డలతో బాల్టిక్ సముద్రం ఒడ్డున సెలవుల్లో ఉన్నాడు. అతనికి ఫోన్ కూడా చేశారు. అలల చప్పుడులో అతను పిచ్చి పట్టిందా మీకు అన్నది అందరికీ వినిపించింది. ఆ తర్వాత, పదకొండేళ్ళ క్రితం ష్టుట్‌గార్ట్ వెళ్ళి స్థిరపడినవాడి పేరు కూడా చెప్పారు.

నేను రెండో బల్ల దగ్గర కూర్చున్నాను. చేతులు బల్ల మీదే. ఊళ్ళో లేనివాళ్ళు గుర్తొస్తున్నారు, ఎదురుగా ఉన్నవాణ్ణి దాటి చూపులు పోతున్నాయి. గాజు ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి, గాజులోంచి ఎలా చూస్తారో నాకు తెలుసు.

పది నిమిషాలు విరామం ఇచ్చారు. పొగ తాగేవాళ్ళు బయటికి వెళ్ళారు. నేను నీళ్ళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే మాస్టారు వచ్చి మాత్ర వేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కంగారు పడకు, ఫోల్క్‌మార్. నిన్నెవరూ ఇబ్బంది పెట్టరు."

నాకు అర్థం కాలేదు. ఏ ఇబ్బంది అన్నాను.

"ఇద్దరు ముగ్గురు నీ పేరు అనుకున్నారు. నేనే పిలిచి చెప్పాను, వాడి జోలికి పోవద్దని. అందరి ముందూ లేచి, నాకు రాయడం అంతగా రాదు అని నువ్వు చెప్పుకోవాల్సి వస్తే బాగుంటుందా? వద్దు. అందరూ సరేనన్నారు. మంచివాళ్ళురా మనవాళ్ళు."

ఆయన కళ్ళలో నిజంగానే ప్రేమ ఉంది. నలభై మూడేళ్ళ క్రితం మా అమ్మతో మాట్లాడినప్పుడు కూడా అదే ప్రేమ.

నేనొక్క మాట అనాల్సింది. నాకు కావాలి మాస్టారూ అంటే చాలు. ఆయన వెళ్ళి ఎవడి చెవిలోనైనా ఊదేవాడు, వాడు నా పేరు చెప్పేవాడు, అంతా అయిపోయేది. నోరు తెరిచాను.

"థాంక్స్ మాస్టారూ," అన్నాను.

మళ్ళీ కూర్చున్నాం. మాస్టారు రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. చెయ్యి ఎత్తుదామనుకున్నాను, ఒట్టు. కానీ ఎత్తితే ఏమవుతుంది? ఇన్నేళ్ళుగా వీడు దీనికోసం కూర్చున్నాడా అని ముప్పై ఒక్కమందికి ఒకేసారి తెలిసిపోతుంది. రేపటినుంచి బేకరీలో అధ్యక్షుల వారికి ఏ రొట్టె కావాలో అంటారు. నేను పోయినరోజు మెట్టు చూసుకోమంటారు. చేతులు బల్ల మీదే ఉండిపోయాయి.

ఇక రద్దు తీర్మానం. వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది ఒప్పుకోవాలి, అంటే ఇరవై నాలుగు చేతులు. తక్కువైతే శరదృతువు దాకా ఆగి మళ్ళీ సమావేశం పెట్టాలని ఇంగోల్ఫ్ నియమావళి చదివాడు.

"నువ్వు లెక్కపెట్టు, ఫోల్క్‌మార్," అన్నాడు మాస్టారు. "నీ కన్ను తప్పదు."

లేచాను. బల్లల మధ్య నడుస్తూ లెక్కపెట్టాను. కొందరు చెయ్యి సగమే ఎత్తారు, మోచెయ్యి బల్లకు ఆనించి, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు. కొందరు నా వైపు చూడలేదు. మాన్‌ఫ్రెడ్ రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని కూర్చున్నాడు, ఎత్తలేదు. గూడ్రున్ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు ఏప్రన్ కింద దాచుకుంది. కుర్రాళ్ళు నలుగురు ఎత్తలేదు.

ఇరవై మూడు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే.

ఇక్కడ అబద్ధం చెప్పను. నాకు అంతా తెలుస్తూనే ఉంది. ఇరవై మూడు అని ఊరుకుంటే క్లబ్బు బతుకుతుంది. నాలుగు నెలలు దొరుకుతాయి. ఆ నాలుగు నెలల్లో నేను గూడ్రున్‌తో ఒక్క మాట సూటిగా చెప్పగలిగితే చాలు. ఇదంతా నేను ఆ రెండు బల్లల మధ్య నిలబడి, స్పష్టంగా, లెక్కల మాస్టారి శిష్యుడిలాగే లెక్క వేసుకున్నాను. కానీ నాలో ఇంకొకడున్నాడు. వాడన్నాడు, ఇది చచ్చిపోయినా పరవాలేదు గానీ వీడి చేతికి వద్దనుకున్నారు కదా, అయితే చావనీ. జాలిపడ్డారు కదా. చావనీ.

నా చెయ్యి ఎత్తాను. సగం కాదు, పూర్తిగా, చంక కనబడేలా.

"ఇరవై నాలుగు," అన్నాను.

ఇంగోల్ఫ్ రాసుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అతను చూడలేదు. లెక్కపెట్టేవాడికి కూడా ఓటుందని ఎవరికీ తట్టలేదు. మాస్టారు లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మాన్‌ఫ్రెడ్ ఏడ్చాడు. పక్కనున్నవాళ్ళు ఆయన వీపు నిమిరారు. తర్వాత అందరూ ఇంకో బీరు తాగారు, తాగకుండా ఎలా పోతారు.

గూడ్రున్ మాత్రం చూసింది. అందరూ వెళ్ళాక గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండానే అంది.

"నువ్వెందుకు ఎత్తావు?"

నేను గ్లాసులు తుడుస్తూనే ఉన్నాను.

"నీ పేరు నేను చెబుదామనుకున్నాను. ఆ రోజు నువ్వు కిటికీ వైపు చూసినప్పుడే అనుకున్నాను. మాస్టారు వద్దన్నారు, నీకు నామోషీగా ఉంటుందన్నారు. ఆయనకు నీ సంగతి నాకంటే తెలుసు కదా అని ఊరుకున్నాను."

"ఇప్పుడు చెబుతున్నావా?"

"నువ్వు ఎప్పుడన్నా చెప్పావా?"

ఆవిడ కడిగింది, నేను తుడిచాను. వంద గ్లాసులున్నాయి, ఆ రోజు వాడనివి కూడా కడిగింది. వెళ్ళేటప్పుడు మిగిలిన బంగాళాదుంపల సలాడ్ గిన్నెలో పెట్టి ఇచ్చింది. గిన్నె తర్వాత ఇవ్వమంది, తర్వాత ఎక్కడ ఇవ్వాలో ఇద్దరికీ తెలియలేదు.

రెండు వారాలకు వాల్‌స్టెట్ వాళ్ళు ట్రాక్టరు వేసుకుని గోల్ స్తంభాలకోసం వచ్చారు. అడుగున బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. ముగ్గురు కుర్రాళ్ళు గంటసేపు సుత్తితో కొట్టారు, కదల్లేదు. రోడ్డు మీద నిలబడి చూస్తున్నాను. వాళ్ళు వంచేస్తారని భయమేసింది. ఇంటికెళ్ళి నూనె డబ్బా, పెద్ద పానా తెచ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి ఇచ్చాను.

వాళ్ళలో ఒకడు అడిగాడు, మీరు ఈ క్లబ్బులో ఏం చేసేవాళ్ళండీ అని.

గడ్డి కోసేవాణ్ణి అన్నాను.