అందరికీ ఒకే కాలు

నేను ఒక చెక్క పాదాన్ని, కుడి పాదాన్ని. చెప్పులు చేసేవాళ్ళు తోలు పట్టీని నా మీద బిగించి, ఆరాక ఊడదీస్తారు. నా జత ఎడమ పాదం పక్కనే ఉంటుంది. దానికి మాటలు తక్కువ కనుక ఇద్దరి తరఫునా నేనే చెబుతున్నాను.

నన్ను చెక్కినవాడు యేసోబు. గుంటూరులో మిర్చియార్డుకు వెళ్ళే దారిలో ఆయన దుకాణం. పెళ్ళైన కొత్తలో భార్య సువార్తమ్మకు చెప్పులు చేయాలని తుమ్మ మొద్దు తెచ్చాడు. ఆమెను పీట మీద కూర్చోబెట్టాడు. కాసేపు చెక్కడం, ఆమె పాదాన్ని అరచేత్తో తడిమి చూడడం, మళ్ళీ చెక్కడం.

“పొయ్యి మీద ఎసరు మరుగుతా ఉంది, ఇంకెంతసేపయ్యా?” అని ఆమె విసుక్కునేది.

“కదలమాక. కాలు తెలవకుండా చెప్పెట్టా చేసేది?” అనేవాడు.

ఆ మాట ఆయనే అన్నాడు. నేను విన్నాను. తర్వాత ఆయన మరిచిపోయాడు, నేను మరవలేదు. నా బాధంతా అదే.

ఆ చెప్పులు చూసి వీధిలో ఆడవాళ్ళు తమకూ అలాంటివే కావాలన్నారు. యేసోబు నన్ను చూపించి వడ్రంగి చేత పెద్దవీ చిన్నవీ చెక్కించాడు. అన్నీ నా పోలికే: సన్నని మడమ, ఎత్తైన నడుపాదం, వేళ్ళ దగ్గర ఇరుకు. దుకాణానికి ‘సువార్త చెప్పులు’ అని బోర్డు పెట్టాడు. అప్పటినుంచి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ సువార్తమ్మ కాళ్ళే ఉన్నట్టు పని సాగింది.

పదకొండేళ్ళ కిందట సువార్తమ్మ జ్వరంతో పోయింది. ఆ తర్వాత యేసోబు నన్ను రోజూ సాయంత్రం నూనెగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. నా మీద గీత పడనిచ్చేవాడు కాదు. దుకాణానికి వచ్చినవాళ్ళ కాళ్ళవైపు చూడడం కూడా ఆ రోజుల్లోనే మానేశాడు.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు. వాళ్ళవి విచ్చుకున్న వేళ్ళు, పగిలిన మడమలు, వెడల్పు పాదాలు. కొన్నవాళ్ళు మళ్ళీ రావడం తగ్గింది. కూతురు రూతు పక్కన కూర్చుని కుడుతూ చెప్పి చూసింది.

“నాన్నా, వచ్చినోళ్ళ కాళ్ళు ఒకసారి చూడరాదా?”

“ముప్పై ఏళ్ళ పనమ్మా ఇది. సరుకు చూడాలి గానీ కాళ్ళు చూసేదేంది?”

సరుకే చూశాడు. ఇంకా మెత్తని తోలు తెచ్చాడు. రెండు వరసల కుట్టు వేశాడు. పట్టీ మీద పువ్వు చెక్కాడు. మెరుగు పెట్టి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి మురిసిపోయాడు. చెప్పు ఎంత బాగుపడినా అది నాకే సరిపోతుంది, నేనేమో నడవను. నోరుంటే అరిచేదాన్ని. మనుషులకు నోరుంది, వాళ్ళేమో మొహమాటపడి ప్లాస్టిక్ చెప్పులు కొనుక్కుని వెళ్ళిపోతారు.

చివరికి వారమంతా బేరం లేని రోజులు వచ్చాయి. ఈ నెలాఖరుకు దుకాణం మూసేద్దామని యేసోబే అన్నాడు. “మంచి సరుకు తెలిసినోళ్ళు ఊళ్ళో లేరు” అని నిట్టూర్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున మస్తానమ్మ వచ్చింది. తొడిమలు తీసే ముఠాకు ఆమే పెద్ద. చెప్పులు కాళ్ళకు లేవు, చేతిలో ఉన్నాయి.

“అన్నా, నీ చెప్పులు సక్కగా ఉన్నాయి. గోడకి తగిలించుకోమంటావా?”

“కాలు సర్దుకుంటదమ్మా. ఇంకో నాలుగు రోజులు తొడుగు.”

“మూడు నెల్లు తొడిగినా. నా కాలికి నలభై ఐదేళ్ళన్నా, ఇప్పుడేం సర్దుకుంటది?” అంటూ కుడికాలు తీసి పీట మీద పెట్టింది. బొటనవేలి మొదట్లో ఎముక గుండ్రంగా పొడుచుకొచ్చింది. దాని మీద పట్టీ ఒరుసుకుని పుండైంది. “దీని మీద మిరప్పొడి పడితే ఎట్టుంటదో ఎరుకేనా నీకు? అసలు ఎవురి కొలత ఇది?”

రూతు మెల్లగా అంది: “మా అమ్మది, అత్తా.”

మస్తానమ్మ కాలు వెనక్కి తీసుకోబోయింది. ముఖంలో కోపం పోయింది.

“సువార్తక్కదా? ఆయమ్మ కాళ్ళు మల్లెమొగ్గలే.” తన కాలివైపు చూసుకుని అంది: “నాయి కాదుగా అన్నా.”

యేసోబు చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత లేచి, గోడమీది క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చించి నేలమీద పరిచాడు.

“కాలు పెట్టమ్మా. కదలమాక.”

పెన్సిలుతో చుట్టూ గీశాడు. ఎముక పొడుచుకొచ్చిన చోట పుండు తగలకుండా బొటనవేలితో తడిమి చూశాడు. పదకొండేళ్ళకు ఆ చేయి మళ్ళీ ఒక కాలిని చూసింది.

ఆ కాగితం మీద నన్ను నిలబెడితే గీతకూ నాకూ మధ్య వేలి మందం ఖాళీ కనబడింది. దాన్ని పూడ్చాలంటే నా పక్కన తోలు ముక్క పెట్టి మేకు కొట్టాలి.

“జిగురుతో అంటిద్దాంలే నాన్నా,” అంది రూతు.

“తోలు లాగినప్పుడు జిగురు నిలవదమ్మా.”

మొదటి దెబ్బ తప్పి ఆయన వేలికే తగిలింది. రెండోది నాకు తగిలింది.

మస్తానమ్మ ఆ కొత్త చెప్పులు తొడుక్కుని వెళ్ళిన ఇరవై రోజులకు మళ్ళీ వచ్చింది. బాగున్నాయని గానీ బాగులేవని గానీ అనలేదు. కాళ్ళకు చెప్పులున్న సంగతే ఆమెకు గుర్తున్నట్టు లేదు. వెంట తెచ్చిన ఇద్దరు ఆడవాళ్ళను ముందుకు తోసి, “వీళ్ళ కాళ్ళు గియ్యన్నా” అంది. నెలాఖరు వచ్చింది, పోయింది. దుకాణం తెరిచే ఉంది.

ఇంత చిన్న పనికి పదకొండేళ్ళు పట్టిందన్న కోపం నాకింకా పోలేదు. గోడమీద ఇప్పుడు ముప్పైకి పైగా కాగితం పాదాలు వేలాడుతున్నాయి. నా ఒంటినిండా మేకుల గుంతలు. సాయంత్రం తోలు ముక్కలన్నీ ఊడదీశాక లోపల మిగిలేది సువార్తమ్మ పాదమే. యేసోబు నూనెగుడ్డతో తుడుస్తాడు. ఒక్కో గుంత దగ్గర ఆయన వేలు కాస్త ఆగుతుంది. తర్వాత నన్ను పీట పక్కనే పెడతాడు, పొద్దున్నే చేతికి అందేలా.