ఓవర్ అనే ఇంటిపేరు

నాకు ముక్కు మీద కోపం. ముప్ఫై ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో మిషన్ల రొద మధ్య గొంతు చించుకున్నవాడికి అది లేకపోతేనే ఆశ్చర్యం. అందులోనూ పాఠం చెబుతుండగా ఎవరైనా నా నోట్లోంచి మాట లాక్కుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు కొత్త బ్యాచికి మొదటి క్లాసు. కొత్తగా చేరినవాళ్ళు మిషన్ల మీదికి వెళ్ళేముందు పది రోజులు నా దగ్గర కూర్చోవాలి. ఆర్డర్లతో వచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఏ పట్టీ దేని మీదికి రావాలో చదవడం రాకపోతే వందల చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టాలి. అందుకే నన్ను ట్రైనింగ్ ఆఫీసర్ని చేసి ఈ గదిలో కూర్చోబెట్టారు. నలభైమంది ముందు నిలబడి, పదకొండేళ్ళుగా చెబుతున్న మాటే మొదలుపెట్టాను.

"ఓవర్ అంటే..." అని ఆగాను.

అక్కడ ఆగడం నా అలవాటు. ఎవరికీ తెలియదు. అందరూ బిక్కమొహాలు వేస్తారు. అప్పుడు నేను చెబుతాను. ఆ క్షణం నాకు భలే ఇష్టం.

"ఇంటిపేరు సార్," అంది మూడో వరసలోంచి ఒక అమ్మాయి.

ఒళ్ళు మండింది. "అయితే మిగతాది కూడా నువ్వే చెప్పు," అన్నాను వెటకారంగా.

వెటకారం ఆ అమ్మాయికి అందలేదు. లేచి నిలబడి గడగడా చెప్పుకుపోయింది. మన పేర్లకు ముందు ఇంటిపేరు ఉన్నట్టే కొన్ని ఇంగ్లీషు మాటలకు ముందు ఓవర్ ఉంటుందట. ఆ ఇంటివాళ్ళందరికీ మీదికెక్కడమో, మించిపోవడమో, దాటిపోవడమో రక్తంలో ఉంటుందట. ఓవర్‌లోడ్ మోయగలిగినదానికంటే ఎక్కువ నెత్తికెత్తుకుంటాడు. ఓవర్‌స్లీప్ లేవాల్సిన వేళ దాటినా పడుకునే ఉంటాడు. ఓవర్‌కమ్ ఒక్కడే ప్రయోజకుడు, కష్టాన్ని దాటి వస్తాడు. అయితే అతన్ని ఒంటరిగా పంపకూడదు, పక్కన ఏదో ఒక కష్టం ఉండాలి, లేకపోతే వాక్యం నిలబడదు. ఎదురింట్లో అండర్ వాళ్ళుంటారు, అన్నీ తక్కువే. వాళ్ళలో అండర్‌స్టాండ్ మాత్రం ఆ ఇంట పుట్టాడే గానీ ఆ పోలికలు రాలేదు.

క్లాసంతా నవ్వింది. నా జోకులు, నా వరస, చివరికి నేను ఊపిరి తీసుకునే చోట్లు కూడా అవే.

"ఎవరు చెప్పారు నీకు?"

"మా అమ్మ సార్. చిన్నప్పటినుంచీ ఇలాగే చెప్పేది."

"మీ అమ్మకెవరు చెప్పారు?" అన్నాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"మీరే సార్!" అంది, ఇంత మొహం చేసుకుని. "అమ్మ ఇక్కడే ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేసేది. అంతా మీ దగ్గరే నేర్చుకున్నానంది."

"కూర్చో," అన్నాను. ఆ రోజు పాఠం త్వరగా ముగించాను.

*

ఆమెను అందరూ ఓవర్‌లాక్ అక్క అనేవాళ్ళు. గుడ్డ అంచు పీచు లేవకుండా చుట్టికుట్టే మిషన్ అది. ఆమె దాని మీద కూర్చుంటే చేతులు కనిపించేవి కావు. అప్పట్లో నేను ఆ లైనుకు సూపర్‌వైజర్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంటీన్లో పావుగంట ఇంగ్లీషు చెప్పమని మేనేజరు నాకు అంటగట్టాడు. నేను రోజుకు ఇరవై మాటలు బోర్డు మీద రాసి, అర్థాలు రాసి, బట్టీపట్టమని చేతులు దులుపుకునేవాణ్ణి. మర్నాడు అడిగితే ఒక్కరికీ ఒక్క ముక్క గుర్తుండేది కాదు. నేను అరిచేవాణ్ణి.

ఒకరోజు బాక్సు కడుక్కుంటూ ఆమె అంది: "సార్, కోప్పడనంటే ఒక మాట. వీళ్ళని ఇలా విడివిడిగా పరిచయం చేస్తే ఎవరికి గుర్తుంటారు? ఓవర్‌టైమ్ మాకు తెలుసు, ఓవర్‌లాక్ తెలుసు. వాళ్ళ చుట్టాలందర్నీ ఒకేసారి తీసుకురండి. ఇంటిపేరు ఒకటే కదా."

"ఇంటిపేరేంటి నీ మొహం," అన్నాను.

ఆమె నవ్వి ఊరుకుంది. మర్నాడు కటింగ్ టేబుల్ దగ్గర మిగిలిన పొడవాటి కాగితం మీద నీలం పెన్సిలుతో ఆ కుటుంబాన్నంతా రాసుకొచ్చింది. ఒక్కొక్క మాట, దాని బుద్ధి, పక్కన మన పనిలోంచే ఒక వాక్యం. గోడకు అంటించాం. వారం తిరిగేసరికి బొత్తాలు కుట్టే ముసలాయన కూడా ఇనుప పెట్టెల బండి చూసి "ఓవర్‌లోడ్ గాడొచ్చాడు" అనడం మొదలుపెట్టాడు. తర్వాత మిస్‌టేక్, మిస్‌ప్రింట్ పుట్టిన మిస్ వాళ్ళొచ్చారు. చెయ్యి పెడితే పని చెడగొట్టే వంశం. తర్వాత రీ వాళ్ళు, చేసిందే మళ్ళీ చేసేవాళ్ళు. రోజూ సాయంత్రం ఆమె కాగితం నా చేతికిచ్చేది, మర్నాడు నేను పాఠం చెప్పేవాణ్ణి. కుర్చీ నాది కాబట్టి.

ఒకసారి హెడ్డాఫీసు నుంచి పెద్ద మేనేజరు వచ్చాడు. గోడ మీది కాగితాలు చూసి, నన్ను ఆఫీసులోకి పిలిచి, "ఈ ఇంటిపేరు ఆలోచన ఎవరిదయ్యా? బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

"క్లాసు నాదేనండి," అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఆ మాటలో అబద్ధం దొరకదు. ఆయన అడిగింది ఆలోచన గురించి, నేను చెప్పింది క్లాసు గురించి. మధ్యలో ఉన్న ఖాళీని ఆయనే నింపుకున్నాడు, నేను నోరు మెదపలేదు. ట్రైనింగ్ ఆఫీసర్ అని కొత్త ఉద్యోగం పెడుతున్నామని, ఇది కనిపెట్టినవాళ్ళకే ఇద్దామనుకున్నామని అప్పుడు చెప్పాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆమెకు మెడనొప్పి. రోజంతా తలవంచి కూర్చోలేక గంటకోసారి లేచి గోడకు ఆనుకునేది. మిషన్ మీదనుంచి లేపే ఉద్యోగం ఏదైనా ఉంటే చూడమని రెండుసార్లు నన్నే అడిగింది. ఇవన్నీ తెలిసే "థాంక్యూ సార్" అన్నాను.

మర్నాడు ఆమె ఇచ్చిన కాగితంలో ఓవర్‌హియర్ ఉంది. మన ప్రమేయం లేకుండా ఎవరి మాటో చెవిన పడటం. పక్కన వాక్యం: ఐ ఓవర్‌హర్డ్ మై లెసన్ ఎట్ ది ఆఫీస్ డోర్. ఆఫీసు తలుపు దగ్గర నా పాఠం నా చెవిన పడింది.

పాఠమేంటి, ఆఫీసు తలుపేంటి అని విసుక్కున్నాను. ఎర్రపెన్నుతో మై లెసన్ కొట్టేసి టూ పీపుల్ అని రాశాను. ఎవరో ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి. అర్థం చక్కగా కుదిరిందని మెచ్చుకున్నాను కూడా. ఆమె దిద్దిన కాగితం తీసుకుని కాసేపు చూసింది. "బావుంది సార్," అంది. మరో ఏడాది పనిచేసి మానేసింది. తర్వాత ఆ కాగితాలన్నీ పుస్తకంగా వేశారు. అట్ట మీద నా పేరు, నా ఇంటిపేరుతో సహా.

*

ఆ అమ్మాయి లేచి చెప్పిన రోజున ఆ పుస్తకం నాలుగో ముద్రణ ప్రూఫులు నా బల్ల మీదే ఉన్నాయి. శనివారానికి ప్రెస్సుకు తిరిగి పంపాలి. మొదటి పేజీ తీసి "ఈ పద్ధతిని కనిపెట్టినవారు" అని రాశాను. పెన్ను అక్కడే ఆగిపోయింది.

నాకు ఆమె పేరు తెలియదు.

ఏడేళ్ళు రోజూ చూసిన మనిషి. టోకెన్ నంబరు గుర్తుంది, రెండువందల పద్నాలుగు. పేరు లేదు. పదకొండేళ్ళుగా వందలమందికి ఇంటిపేర్ల పాఠం చెప్పిన నాకు, దాన్ని కనిపెట్టిన మనిషి పేరూ తెలియదు, ఇంటిపేరూ తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. కూతుర్ని అడిగితే చెప్పేది, కానీ ఏ మొహం పెట్టుకుని అడగను? వాళ్ళమ్మ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందని మాత్రం అడిగాను. "బస్టాపు వెనకాల షాపు పెట్టుకుంది సార్. మీరొస్తే అమ్మ ఎంత సంతోషిస్తుందో!" అంది.

బట్టలు సరిచేసే షాపు, బీరువా కంటే కొంచెం పెద్దది. ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జారగా ప్యాంటు అంచు విప్పుతోంది. నన్ను చూడగానే స్టూలు మీది బట్టలు తీసి కూర్చోమంది.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"ఇదేంటి సార్, నన్ను మీరంటున్నారు? ఏమ్మోయ్ ఇటురా అనేవారుగా. ఏదో జరిగింది," అని నవ్వింది.

నేను ప్రూఫులు బల్ల మీద పెట్టాను. దారిపొడుగునా కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయింది. "ఇందులో మీ పేరు వెయ్యాలి. పూర్తి పేరు చెప్పండి," అన్నాను.

బ్లేడు కుట్ల మీద ఆగింది. "ఏడేళ్ళు ఒకే లైన్లో ఉన్నాం కదా సార్."

"అవును."

"నా పేరు తెలీదన్నమాట."

తలదించుకున్నాను. ఆమె మళ్ళీ కుట్లు విప్పడం మొదలుపెట్టింది. "ఇంటిపేరు కూడా వేస్తారా? పుట్టింటిదా, అత్తింటిదా?" అంది నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

"ఆ రోజు పెద్ద మేనేజరు గారు అడిగినప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను. మర్నాటి కాగితం ఇద్దామని వచ్చా. మీరు చెబుతారనుకుని ఆగా."

"తెలుసు," అన్నాను.

ఆ మాట నాలోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పదకొండేళ్ళలో నాతో నేను కూడా అనుకోని మాట.

"తెలిసే కొట్టేశారా?"

"భయమేసింది."

రోడ్డు మీద బస్సు ఆగి, మనుషుల్ని దింపి, వెళ్ళిపోయింది.

"పేరు వద్దులెండి," అంది చివరికి. "అప్పుడేసుంటే నా మెడ బాగుపడేది. ఇప్పుడేం చేసుకోను, ఈ ప్యాంట్లకి తగిలించుకోనా? నా వాక్యం మాత్రం నేను రాసినట్టు పెట్టండి. అది చాలు."

"మరి మీ అమ్మాయికి నేనే నేర్పానని ఎందుకు చెప్పారు?"

"చిన్నపిల్ల సార్ అప్పుడు. మీ అమ్మది ఎవరో లాగేసుకున్నారంటే కోపంతో పెరుగుతుంది. మంచి మాస్టారు నేర్పారంటే చదువు మీద ఇష్టంతో పెరుగుతుందనుకున్నా. పెరిగింది కూడా." కళ్ళద్దాలు పైకి తోసుకుని సూటిగా చూసింది. "ఇప్పటికీ నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు.

*

ప్రూఫుల్లో ఆమె వాక్యాన్ని ఆమె రాసినట్టే దిద్ది ప్రెస్సుకు పంపేశాను. సోమవారం క్లాసులో పాత పుస్తకమే నలభైరెండో పేజీ తియ్యమన్నాను. "అక్కడ తప్పుంది. టూ పీపుల్ కొట్టేసి మై లెసన్ అని రాయండి."

నలభై పెన్నులు ఒకేసారి గీత గీశాయి. అప్పుడు నేను ఊహించిన ప్రశ్నే, నేను ఊహించిన వరసలోంచే వచ్చింది.

"సార్, ఎవరి పాఠం?"

మొహంలో అదే వెలుగు. వాళ్ళమ్మ ఇన్నేళ్ళు జాగ్రత్తగా పెంచిన వెలుగు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకునే మాటలు నా దగ్గర కొల్లలు.

"మీ అమ్మదమ్మా," అన్నాను. "ఆ వాక్యం మీ అమ్మ రాసింది. ఇంటిపేరు పాఠం కూడా మొత్తం ఆవిడదే. నేను నాదనిపించుకున్నాను. ఈ ఉద్యోగం కూడా ఆవిడకి రావాల్సింది."

వెనకనుంచి ఎవరో నెమ్మదిగా, "సార్, ఇది పరీక్షలో వస్తుందా?" అన్నారు.

"రాదు," అన్నాను. పెన్నులు పక్కన పెట్టేశారు.

ఆ అమ్మాయి పుస్తకం మూసి, అట్ట మీది నా పేరు చూస్తూ కూర్చుంది. గంట మోగాక అందరితోపాటు లేచి వెళ్ళింది. రోజూ గుమ్మం దగ్గర ఆగి "వెళ్ళొస్తాను సార్" అనేది, ఆ రోజు అనలేదు. చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకు పడలేదు. ఆ పిల్ల కళ్ళలోనైనా నేను మంచి మాస్టార్నిగా ఉండేవాణ్ణి. ఆ ఒక్క చోటు కూడా ఇప్పుడు లేదు. అది కూడా వాళ్ళమ్మ ఇచ్చిందే.

మర్నాడు పునశ్చరణ. మొదటినుంచీ మొదలుపెట్టాను.

"ఓవర్ అంటే..." అని ఆగాను.

మూడో వరస వైపు చూశాను. ఆ అమ్మాయి తెరిచిన పుస్తకంలోకే చూస్తోంది. అందరూ ఎదురుచూస్తున్నారు.

ఆ మాట నేనే పూర్తి చేశాను.