చేతిలో మోగని ఫోను

యిర్మియా ఫస్టు షిఫ్టు డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఆ ఇంట్లో ఒక పని రోజూ తప్పకుండా జరుగుతుంది. టిఫిన్ డబ్బా అందుకుంటాడు, బూట్లు తొడుక్కుంటాడు, ఆఖరికి జేబులోంచి ఫోను తీసి భార్య సువార్తమ్మ చేతిలో పెడతాడు. బొగ్గుబాయి లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. కింద ఎక్కడ ఏ గ్యాసు ఉందో, ఏ నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో ఎవరికెరుక, అందుకని అది మంచి కట్టుబాటే. కానీ అయ్యలారా, అమ్మలారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఇంటాయన భూమిలోకి దిగి ఎనిమిది గంటలు కంటికీ చెవికీ అందకుండా పోతే, ఆ ఎనిమిది గంటలూ ఇంట్లో ఉన్న మనిషికి ఆ ఫోను ఎంత ముఖ్యమో!

సువార్తమ్మ దాన్ని వదిలిపెట్టి బాత్రూముకు కూడా పోదు. స్టూలు మీద పెట్టి, తలుపు ఓరగా వేసుకొని, నీళ్ల చప్పుడులో వినిపించదేమోనని మధ్యలో మగ్గు ఆపి మరీ చెవి పెడుతుంది. యిర్మియాది కింద పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఆ గోదావరిఖని క్వార్టర్లలోనే ఇద్దరు ఆడవాళ్లకు "జర బాయి మీదికి రా అమ్మా" అన్న కబురు రావడం సువార్తమ్మ కళ్లారా చూసింది. అప్పట్లో ఆ కబురు జీపులో వచ్చేది, ఇప్పుడు ఫోనులో వస్తుంది. అందుకే ఆ ఫోను మోగితే ఆమెకు గుండె ఝల్లుమంటుంది. మోగకపోతే కాసేపటికి అదీ భయమే.

ఆ బుధవారం పది గంటల వేళ, పప్పు తాలింపు వేస్తుండగా ఫోను మోగింది.

"అమ్మా నమస్కారం. మీ ఫోను కంపెనీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. ఈ నంబరు ఇవాళ పన్నెండు గంటలకు ఆగిపోతుందమ్మా. మీ సిమ్ కార్డు పాతదైపోయింది."

"బంద్ అయితదా? ఎందుకయితది సారూ! మొన్ననే రీచార్జి చేసినం గదా."

"రీచార్జి సంగతి కాదమ్మా. ఇప్పుడు కార్డుతో పనే లేదు, లైను నేరుగా ఫోనులోకే ఎక్కుతుంది. మీ ఇంట్లో కొత్త ఫోను ఏదన్నా ఉందా?"

ఉంది. అదే వచ్చిన చిక్కు. కరీంనగర్లో నర్సుగా పనిచేస్తున్న కూతురు గ్లోరియా పోయిన వారమే తండ్రికి కొత్త ఫోను కొనిచ్చింది. "కార్డు ఎయ్యనవసరం లేదమ్మా, లైను ఫోన్లకే వస్తది. ఆదివారం వచ్చి నేనే మారుస్త, అప్పటిదాక డబ్బాల ఉండనియ్యి" అని కూడా చెప్పింది. కాబట్టి అవతలివాడు చెప్పింది సువార్తమ్మకు బిడ్డ చెప్పిన మాటలాగే వినిపించింది. ఇందులో వాడి మంత్రమేమీ లేదు. వీళ్లు రోజుకు వందమందికి ఫోను చేస్తారు. ఆ వందలో నలుగురి ఇళ్లలో కొత్త ఫోను ఉండకపోదు.

"మా ఆయన లేడు సారూ. బాయిల దిగిండు, ఆసరాలు పెట్టే పని ఆయనది. నాలుగింటిదాక పైకి రాడు. ఫోను నా తాననే ఉంటది. ఆయన వచ్చినంక చెయ్యుండ్రి."

అయ్యో, వాడికి కావలసిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది! మనిషి ఎక్కడున్నాడో, ఏ పని చేస్తాడో, ఎంతసేపటిదాకా ఎవరికీ దొరకడో, అంతా.

అవతలి గొంతు ఇంకా మెత్తగా వచ్చింది. "నాలుగింటికి లైను ఉండదు కదమ్మా. మధ్యలో బాయిలో ఏదన్నా అయితే మీకు కబురెట్లా వస్తుంది?"

సువార్తమ్మ స్టవ్ ఆపింది. తాలింపు మాడిపోయిన వాసన కూడా ఆమెకు తెలియలేదు. గ్లోరియాను ఒకసారి అడుగుదామనుకుంది కానీ, ఫోను పెట్టేస్తే మళ్లీ దొరకనని వాడన్నాడు. వాడు ఒక మెసేజ్ పంపి, దాన్ని ఇంకో నంబరుకు పంపమంటే పంపింది. తర్వాత ఇంగ్లీషులో ఇంకో మెసేజ్ వచ్చింది. తెలుగు బైబిలు గడగడ చదివే మనిషే, ఆ ఇంగ్లీషు ముక్క దగ్గర ఆగిపోయింది. "ఒకటి నొక్కి పంపండమ్మా, అంతే" అన్నాడు వాడు. నొక్కింది.

"రెండు గంటలు సిగ్నల్ ఉండదు, భయపడకండి. ఎవరికీ చూపించకండి, పని చెడిపోతుంది. తర్వాత కొత్త ఫోనులో లైను అదే వస్తుంది."

"దేవుడు నిన్ను సల్లగ చూడాలె కొడుకా" అని దీవించి మరీ పెట్టేసింది ఆ పిచ్చితల్లి.

కొద్దిసేపటికి ఫోనులో సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. సువార్తమ్మ కొత్త ఫోనును డబ్బాలోంచి తీసి పాతదాని పక్కన పెట్టింది. రెండూ మాట్లాడవు. ఈ రెండు గంటల్లోనే ఏదన్నా అయితేనో? అన్నం వండింది గానీ తినబుద్ధి కాలేదు. గుమ్మంలో కూర్చుని, వీధి చివర ఏ బండి చప్పుడైనా తలెత్తి చూస్తూ ఉంది.

పన్నెండున్నరకు పక్క క్వార్టర్ సారక్క చెప్పులు కూడా లేకుండా ఉరికొచ్చింది. ఆమె భర్త మొగిలి, యిర్మియాతో పదిహేనేళ్లు కలిసి పనిచేసినవాడు. ఆ వారం అతనిది సెకండు షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు.

"అక్కా! యిర్మియా బావకు ఎట్లున్నదే? ఏ దవాఖానకు తీస్కపోయిండ్రు?"

సువార్తమ్మ గుమ్మంలోంచి లేచింది.

వెనకే వచ్చిన మొగిలి తన ఫోను చూపించాడు. తోటివాళ్ల వాట్సాప్ గ్రూపులోకి, యిర్మియా నంబరు నుంచే, హెల్మెట్ పెట్టుకున్న యిర్మియా ఫోటోతోనే వచ్చింది ఆ మెసేజ్. "నేను యిర్మియా పక్కన పనిచేసేవాణ్ణి. ఆసరా పెడుతుంటే బండ పడింది. కాలు నుజ్జయింది. పెద్ద దవాఖానకు తీసుకుపోతున్నాం. ఆపరేషన్‌కు వెంటనే డబ్బు పంపండి" అని ఉంది.

"ఇంట్ల ఉన్నయన్ని పంపిన వదినె. మనోళ్లు గూడ పంపుతున్నరు" అన్నాడు మొగిలి. బండ పడిందని వింటే ఆ బస్తీలో ఎందుకు, ఎంత, బాయిలోకి ఫోను ఎట్లా పోయింది అని అడిగే మనిషి ఉండడు. చేతిలో ఉన్నది ముందు ఇచ్చేస్తారు, ఏడుపు తర్వాత.

సారక్క గబగబా యిర్మియా నంబరు కొట్టి ఫోను చెవికి ఆనించుకుంది. "మోగుతున్నదే అక్కా. ఎవలూ ఎత్తుతలేరు."

సువార్తమ్మ తన చేతిలోకి చూసుకుంది. భర్త ఫోను అక్కడే, తన చేతిలోనే ఉంది. నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. సారక్క చెవిలో మోగుతున్నది అదే నంబరు. మరి ఎక్కడ మోగుతోంది? ఎవరి చేతిలో మోగుతోంది? ఆయన పొద్దున ఫోను తనకిచ్చే పోయాడన్న సంగతి కూడా ఆమె బుర్రకు అందలేదు. "నన్ను బాయి మీదికి తీస్కపో మొగిలీ" అని మాత్రం అనగలిగింది.

మోటారు సైకిలు మీద, బొగ్గు లారీల దుమ్ములో, మొగిలి ఆమెను బాయికి తీసుకుపోయాడు. బాయి గేటు దాటగానే షెడ్డు ముందు అంబులెన్సు కనబడింది. అది రోజూ అక్కడే ఉండే బండి. ఆ రోజు మాత్రం దాన్ని చూడగానే ఆమె దిగి దాని వైపే ఉరకబోయింది. మొగిలి రెక్క పట్టుకొని ల్యాంప్ రూము దగ్గరికి నడిపించాడు.

ల్యాంప్ రూమంటే కిందికి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే గది. ఒక్కొక్క మనిషికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీలో కూర్చునే లింగమూర్తికి అందరి నంబర్లూ కంఠతా వచ్చు.

"లింగమూర్తన్నా, మా ఆయనను ఏ దవాఖానకు తోలిండ్రు?"

"ఎవలను? యిర్మియానా?" లింగమూర్తి తెల్లబోయాడు. వెనక్కి తిరిగి బోర్డు మీద వేలు పెట్టాడు. "ఇగో బిళ్ల, మూడువందల పదిహేడు. బిళ్ల ఇక్కడున్నదంటె మనిషి కింద ఉన్నట్టు. ఇయ్యాల దెబ్బ తగిలి ఎవలూ పైకి రాలేదు చెల్లె."

అది మంచి మాటే. కానీ భయంతో ఉన్న మనిషికి మంచి మాట కూడా ఎట్లా వినిపిస్తుందో చూడండి.

"కింద ఉన్నడంటే... బండ కింద ఉన్నడా అన్నా?" అంది సువార్తమ్మ.

లింగమూర్తి కిటికీ లోపలి తీగ ఫోనుతో, బాయి కింద బిగించి ఉండే ఫోనుకు కలిపాడు. యిర్మియాను పిలిపించమని కింద పని చూసే ఓవర్‌మన్‌కు చెప్పాడు. పని జరిగే చోటి నుంచి ఫోను దగ్గరికి చాలా దూరం నడవాలి. సువార్తమ్మ బల్ల మీద కూర్చుని ఆ బిళ్ల వంకే చూస్తూ ఉంది. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. అరగంట గడిచింది. ఆ అరగంట ఆమెకు ఎట్లా గడిచిందో ఆమెకే తెలుసు.

ఫోను మోగింది. లింగమూర్తి రిసీవర్ ఆమె చేతికిచ్చాడు.

"ఎవలు? ఏమైంది? బిడ్డకేమన్న అయిందా?"

యిర్మియా గొంతే! రొప్పుతున్నాడు. బాయిలో ఉన్న మనిషిని ఫోను దగ్గరికి పిలిచారంటే ఇంటి దగ్గర ఏదో ఘోరం జరిగిందనే లెక్క. ఆ భయాన్ని మోసుకుంటూ అతను ఆ చీకట్లో అంతదూరమూ పడుతూ లేస్తూ వచ్చాడు.

"నువ్వేనా?" అంది సువార్తమ్మ. "నిజంగ నువ్వేనా?"

"నేనే. ఏడ్వకు, చెప్పు. ఎవలు పోయిండ్రు?"

"ఎవలూ పోలే. నువ్వున్నవు. గదే చాలు" అని ఆమె భోరున ఏడ్చేసింది.

మొగిలి తన ఫోను నుంచి గ్లోరియాకు చేశాడు. ఇంటివాళ్ల గ్రూపులో ఆమెకూ అదే మెసేజ్ పోయింది. కరీంనగర్లో మూడు దవాఖానల క్యాజువాలిటీలు వెతుకుతూ ఉందట ఆ పిల్ల. తల్లి జరిగింది చెప్పగానే ఆమెకు అర్థమైంది. "అమ్మా, నాయిన లైను వాళ్ల ఫోన్లకు ఎక్కించుకున్నరు. నాయిన నంబర్ ఇప్పుడు వాళ్ల చేతులున్నది. మొగిలి కాకా, జల్ది సైబర్ పోలీసుల నంబర్ 1930కి ఫోన్ చెయ్యుండ్రి. నేను ఫోను కంపెనీకి చేసి ఆ లైను ఆపిస్త" అంది. సాయంత్రం లోపల లైను ఆగింది. కొందరు పంపిన పైసలు దారిలోనే ఆగాయి. మొగిలివి పోయాయి.

నాలుగింటికి షిఫ్టు పైకి వచ్చింది. బొగ్గు మసితో ల్యాంప్ రూము ముందు అందరూ గుమిగూడారు. యిర్మియా కాలు నేల మీద ఆన్చి నడుస్తుంటే సువార్తమ్మ ఆ కాలినే చూస్తోంది. "నా చేతులతోనే ఇచ్చిన. లైను పోతదని బుగులుపడి, లైనే ఇచ్చిన" అని తల బాదుకుంది.

యిర్మియా ఆమెను ఏమీ అనలేదు. మొగిలి వైపు తిరిగాడు. "పైసలు ఎట్లన్న సర్దుకుందాం తమ్మీ. రేపు నిజంగ బండ పడి, నా నంబర్ నుంచి కబురొస్తె నువ్వు ఉరుకుతవా? లేకపోతె ఇది నిజమేనా అని ఆగుతవా?"

మొగిలి తన ఫోనులోని ఆ మెసేజ్ మళ్లీ తెరిచి చూశాడు.

అప్పుడు లింగమూర్తి కిటికీలోంచి యిర్మియా బిళ్ల అందిస్తూ అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. మీల ఒక్కడన్న మీ బిళ్ల ఇంకొకని చేతికిచ్చిండా? తోడబుట్టినోడు అడిగినా ఇయ్యరు. ఎందుకంటె మీ బిళ్ల వాని చేతులుంటె, మీరు బతికున్నరా, సచ్చిండ్రా అనేది వాడు చెప్పిందే అయితది. ఫోన్ నంబర్ గూడ గసొంటి బిళ్లే. ఇంట్ల ఆడోళ్లకు ఫోను ఇచ్చి దిగుతున్నరు గని, గీ ముచ్చట ఎవడన్న చెప్పిండా? చెల్లెను అనేటందుకు ఏం లేదు. తప్పు మనది."

ఆ మాటకు మగవాళ్లంతా సిగ్గుపడ్డారు.

ఆదివారం గ్లోరియా వచ్చింది. ఫోను కంపెనీ తిరిగి ఇచ్చిన తండ్రి లైనును తల్లి ఎదురుగా, ప్రతి మెసేజూ తెలుగులో చదివి చెబుతూ, కొత్త ఫోనులోకి తనే మార్చింది. కార్డు లేదు, కష్టం లేదు. తొందరపెట్టినవాళ్లూ లేరు, ఎవరికీ చూపించొద్దన్నవాళ్లూ లేరు. "గింతేనా!" అంది సారక్క, పక్కనే కూర్చుని అంతా చూసి.

సోమవారం పొద్దున యిర్మియా ఆ కొత్త ఫోనును భార్య చేతిలో పెట్టి డ్యూటీకి పోయాడు. పదకొండింటికి మోగింది. తెలియని నంబరు. సువార్తమ్మ గుండె ఎప్పటిలాగే ఝల్లుమంది. ఆ భయం ఆమెను ఈ జన్మలో విడిచిపెట్టదు.

"అమ్మా, మీ లైను ఇవాళ ఆగిపోతుంది..." అంది ఒక మెత్తని గొంతు.

"ఆగిపోనియ్యి. మా బిళ్ల మేము ఎవలకియ్యం" అని పెట్టేసింది. వెంటనే, లింగమూర్తి రాసిచ్చిన ల్యాంప్ రూము నంబరుకు చేసింది.

"బిళ్ల ఇక్కడనే ఉన్నది చెల్లె. కింద అందరు మంచిగున్నరు" అన్నాడు లింగమూర్తి.

కనుక పాఠకులారా, మన భయాన్ని కనిపెట్టి మనల్ని తొందరపెట్టే గొంతు ఎంత మెత్తగా మాట్లాడినా మన నంబరు ఆ మాట్లాడేవాడి చేతిలో పెట్టకండి, ఎందుకంటే ఆ నంబరుతో పాటు, ఆపదలో మనం పిలిస్తే ఉరికొచ్చే మనవాళ్ల నమ్మకం కూడా వాడి చేతికే పోతుంది.