వారిబానాలో రెక్క ఊపితే

"ఇంద్రాణి వాళ్ల నాన్న బుడ్డదాన్ని తెస్తోందట," అని వెలీనా ఆరోగ్య కేంద్రం గుమ్మంలోంచి కేకేసింది. పెనం చుట్టూ నిలబడి ఫరీన్ అనే కర్రపెండలం రవ్వ వేయిస్తున్న ఆడవాళ్ల చేతుల్లో తెడ్లు ఆగిపోయాయి.

వెలీనా మా ఊరి నర్సు. ఊరికున్న ఒక్క రేడియో సెట్టూ ఆమె చేతిలోనే ఉంటుంది.

"ఎవరి బుడ్డది?" అంది వాళ్లలో పెద్దావిడ మార్గరీటా.

"కెప్టెన్‌దే. 'నాన్న బుడ్డదాన్ని తెస్తున్నా, వాన ముదరకముందే దిగుతా' అంది. ఆ తరవాత గరగర. బ్యాటరీ చచ్చింది."

"డెబ్భై దాటినవాడికి బుడ్డదా? టౌనులో పేపరు నడిపానన్నాడే."

"ఏమేం నడిపాడో ఎవడు చూశాడమ్మా."

"తల్లి ఎవరట మరి?"

ఇంకాసేపు ఊరుకుంటే ఆ పిల్లకి పేరు కూడా పెట్టేసేవాళ్లు. "బుడ్డది కాదే తల్లుల్లారా, బూడిద," అన్నాను. "నాన్న బూడిదని తెస్తోంది. దానికోసమే కదా మనమంతా ఇక్కడ చేరింది."

నవ్వులు ఉన్నచోటే చల్లారిపోయాయి. మార్గరీటా శిలువ గుర్తు వేసుకుని మళ్లీ తెడ్డు అందుకుంది.

కెప్టెన్ క్లైవ్ జగ్‌మోహన్ ముందు విమానం నడిపాడు, తరవాత పత్రిక నడిపాడు, చివరికి పుస్తకం రాశాడు గానీ దాన్ని మాత్రం ఎవరూ నడిపించలేకపోయారు. పైలట్‌గా గాలిని నమ్ముకున్న మనిషి, ఎడిటర్ కుర్చీలో కూర్చున్నాక గాలివార్త కనబడితే చింపి అవతల పారేసేవాడు. సంపాదకుడంటే సంపాదకుడే, సంపాదన మాత్రం లేదు. అచ్చయిన పత్రికల కట్టలు తనే విమానంలో వేసుకుని, సవానా గడ్డి మైదానం మీద ఒక్కొక్క పశువుల శాలకీ పైనుంచి విసిరేవాడు. ఆయన పత్రిక తలమీద పడి సొమ్మసిల్లిన ఎద్దు ఒకటుందని మా వారిబానాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత బరువైన సంపాదకీయం మరొకటి రాలేదని నేనే రాశాను.

నేనంటే మోజెస్ వీరసామిని. ఆయన పత్రికలో హాస్యం శీర్షిక నాది. నేను విరిచిన పదాల్లో సగం ఆయన కొట్టేసేవాడు. మిగతా సగం పక్కన 'వీరా, విరవడానికి పదాలే దొరికాయా? పెన్ను విరవలేవా?' అని రాసి పంపేవాడు. ఉద్యోగం ముగిశాక ఆయన వెనకే నేనూ ఈ ఊరొచ్చి స్థిరపడ్డాను. వైద్యానికని టౌనుకి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. దహనం అక్కడే చేశారు. తన బూడిద మాత్రం మా గడ్డి రన్‌వే పక్కన చల్లమని కూతురు ఇంద్రాణికి చెప్పి పోయాడు. ఆ కూతురూ పైలటే. చిన్న విమానంలో ఒక్కతే బయల్దేరింది.

నా గుండె దడకి కారణం ఆ ఒక్కతే. పొద్దున్నుంచీ కనుకు కొండల మీద మబ్బు పట్టింది. మొదట దుప్పటంత ఉన్నది కాస్తా చూస్తుండగానే గోడంత అయింది. విమానం వచ్చే దారిలో, లెథెమ్ ఊరి వైపు చూస్తే తెల్లగా వాన దిగిపోతోంది. అంటే వెనక్కి మళ్లడానికి దారి మూసుకుంది. విమానం దిగేదాకా నాకు దిగులు దిగదు. ఆ మాట తుషావ్‌తో అన్నాను.

తుషావ్ అంటే మా ఊరి పెద్ద, యూస్టేస్ ఫారియా. ఎండు మాంసం టాసో ముక్క నములుతూ నా వైపు కోపంగా చూశాడు.

"వీరా, ఇవాళ కెప్టెన్ గురించి ముందుగా మాట్లాడేది నువ్వే. ఒక్క షరతు. పదాలు విరవకు."

"మరి పెదవి విరుచుకుని కూర్చోమంటావా?"

"చూశావా? శవం ముందు కూడా ఊరుకోవు నువ్వు."

"శవం కాదు తుషావ్, భస్మం. నీకూ రేడియో సరిగ్గా వినబడలేదా?"

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. దిగులు పుట్టినప్పుడే నాకు నోరు ఎక్కువవుతుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. వారిబానాలో విమానానికి ఒక భాష ఉంది, కెప్టెన్ నేర్పినదే. రన్‌వే మీదుగా కిందకి దిగి ఒకసారి ఎగిరిపోతే ఆవుల్ని తోలమని అర్థం. రెక్కలు అటూ ఇటూ ఊపితే చక్రం పోయిందని అర్థం. ఈ రెండోది ఉత్తపుణ్యానికి పుట్టలేదు. పత్రిక పెట్టిన కొత్తలో ఒకసారి ఆయన పక్క సీట్లో నేనూ ఉన్నాను. ఇక్కణ్ణించి పైకి లేవగానే కింద టప్పుమంది. తల బయటపెట్టి చూస్తే కుడి చక్రం ఊడబోయే పన్నులా వేలాడుతోంది. ఆయన ఊరి మీద రెక్కలు ఊపుతూ తిరిగాడు. ఏదో అయిందని ఊరంతా నీళ్లూ తాళ్లూ పడుకునే నూలు ఊయలలూ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. విమానం పక్కకి ఒరిగి, గడ్డి మీద గిర్రున తిరిగి ఆగింది. ఇంజనుకి మంట అంటుకునేలోగా మమ్మల్ని బయటికి లాగి ఊయలల్లో మోసుకెళ్లారు. ఆ రోజు నుంచి మా బడిలో ఎక్కాలతో పాటు ఇదీ నేర్పుతారు: రెక్క ఊగితే పరుగెత్తాలి.

మబ్బు మా నెత్తి మీదకి వచ్చేసరికి ఇంజను చప్పుడు వినబడింది. కిందకి దిగి రన్‌వే మీదుగా ఒకసారి వెళ్లింది. కుర్రాళ్లు గుర్రాల మీద వెళ్లి ఆవుల్ని తోలేశారు. అంతా పద్ధతి ప్రకారమే. ఇక దిగుతుందనుకున్నాను.

దిగలేదు. మా నెత్తి మీదకొచ్చి రెక్కలు ఊపింది.

"చక్రం," అంది మార్గరీటా, ఏదో శాపం పెట్టినట్టు.

తరవాత జరిగింది చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. నా దగ్గర మాటలు లేకపోవడమేమిటని మీరనుకోవచ్చు. వంటకి పెట్టుకున్న నీళ్ల డ్రమ్ములు దొర్లాయి. ఇళ్లలో ఊయలలు తెంపుకొచ్చారు. ఎవరో పరుపు మోసుకొచ్చారు. వెలీనా మందుల పెట్టెతో, నేను కర్రపెండలం కల్లు పారకరి పోసిన బకెట్టుతో పరుగెత్తాం. అది నీళ్లు కాదని సగం దూరం వెళ్లాక వాసనతో తెలిసింది. రన్‌వే నడుమంతా మనుషులే.

విమానం దిగబోయింది. మమ్మల్ని చూసి మళ్లీ పైకి లేచింది.

"దిగలేకపోతోంది పాపం," అని ఏడుపందుకుంది వెలీనా.

చుట్టు తిరిగొచ్చి మళ్లీ ఊపింది, ఈసారి ఇంకా గట్టిగా. జనం ఇంకా ముందుకి జరిగారు. మొదటి చినుకులు నా చేతిమీద పడ్డాయి. గాలి ఎదురు తిరిగింది. పత్రికల కట్టల మీద పడుకుని నిద్రపోయిన పసిపిల్ల కళ్లముందు మెదిలింది. ఆఫీసులో నా టేబులు కింద దాక్కుని నా చెప్పులకి సిరా పూసేది. ఆ పిల్ల ఇప్పుడు పైన ఉంది. దిగడానికి చోటు లేదు.

మూడోసారి నా మీదుగానే వెళ్లింది, చెట్టంత ఎత్తులో. నేను తలెత్తి చూశాను. రెండు చక్రాలు, రెండూ నిటారుగా, బిగుతుగా ఉన్నాయి. పన్ను కదలడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవి కదలడం లేదు.

అప్పుడు తట్టింది. కెప్టెన్ విమానం నడపడం మానేసిన రోజు టౌనులో పైలట్లందరూ వరసగా ఆయన మీదుగా ఎగిరి రెక్కలు ఊపారు. అందరి చక్రాలూ ఒక్క రోజే పోయాయేమిటని నేనడిగాను. ఆయన టోపీ చేత్తో పట్టుకుని, ఏడుస్తూనే, "ఒరే వెర్రివాడా, ప్రపంచమంతా ఇది దండం రా. వారిబానాలోనే చక్రం," అన్నాడు.

బకెట్టు పారేసి తుషావ్ దగ్గరికి పరుగెత్తాను.

"చక్రం పోలేదు. జనాన్ని తప్పించు."

"వీడొకడు," అన్నాడు పక్కనున్న ఎవరో. "చక్రం అంటే వక్రం అంటాడు. చావు కూడా ఆటే వీడికి."

"వీరా, ఇప్పుడు కాదు," అన్నాడు తుషావ్, ఆకాశం మీంచి కళ్లు తిప్పకుండా.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. "యూస్టేస్, నా కళ్లతో చూశాను. రెండూ బాగున్నాయి. అది వాళ్ల నాన్నకి దండం పెడుతోంది. మనం అడ్డంగా నిలబడి దాన్ని దిగనివ్వడం లేదు. ఇంకో చుట్టు తిరిగేసరికి వానలో దానికి రన్‌వే కనబడదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆయన భయం నాకు అర్థమైంది. నా మాట తప్పయితే, దగ్గర్లో మనిషి లేక ఆ పిల్ల మంటల్లో ఉండిపోతుంది. నా మాట నిజమై ఆయన వినకపోతే, మా ఊయలలే దాన్ని చంపుతాయి. నాకు ఆకాశం కనబడటం మానేసింది, ఆయన పెదవులే కనబడుతున్నాయి.

"ఒక్క పదం కూడా విరవలేదు నువ్వు," అన్నాడు మెల్లగా. వెనక్కి తిరిగి ఊరి భాష వపిషానాలో అరిచాడు. "అంచులకి పొండి. ఊయలలు వదలొద్దు. రన్‌వే మీద కాలు పెట్టినవాడు నాకు జవాబు చెప్పాలి."

జనం గొణుగుతూ రెండు పక్కలకీ చీలారు. వాన గోడ రన్‌వే అవతలి కొసను అప్పుడే తాకుతోంది. వాన తరుముతున్నట్టు విమానం దాని ముందే వచ్చింది, ఎగుడుదిగుడుగా, ఒక రెక్క కిందకి వాలి. నేను కళ్లు మూసుకున్నాను. గడ్డి మీద చక్రాలు తాకిన చప్పుడు వినబడింది. ముందు ఒకటి, తరవాత రెండోది. ఆ తరవాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

తలుపు తెరుచుకుంది. ఇంద్రాణి ఇత్తడి చెంబుని గుండెలకి హత్తుకుని దిగింది. నేరుగా నా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, మీ అందరికీ మతి పోయిందా? రన్‌వే మధ్యలో ఊయలలేమిటి, పరుపులేమిటి? నన్ను చంపుదామనేనా?"

"చక్రం పోయిందనుకున్నాం తల్లీ," అన్నాడు తుషావ్. "నువ్వు రెక్క ఊపావు కదా."

"నాన్నకి దండం పెట్టాను. ఆ తరవాత మీరు మీదకొస్తుంటే పక్కకి తప్పుకోమని ఊపాను."

"అప్పుడు రెండో చక్రం కూడా పోయిందనుకున్నాం," అంది వెలీనా.

"మూడోసారికి ఇంజను కూడా పోయిందని నేను ప్రార్థన మొదలెట్టాను," అంది మార్గరీటా. "సగం చదివేశాను. ఇప్పుడు దాన్నేం చెయ్యను?"

ఇంద్రాణి అందరి వైపూ చూసి, తడిసిన చెంబు వైపు చూసి, నవ్వబోయి ఏడ్చింది. వెనక ఉన్నవాళ్లకి వినబడలేదని గొడవ. తుషావ్ నీళ్ల డ్రమ్ము మీదకెక్కి, ఊళ్లో అందరికీ అర్థమయ్యేలా వపిషానాలో విడమరిచి చెప్పాడు. బయట ఊళ్లలో రెక్క ఊపితే దండమని, చక్రమన్నది మన ఊళ్లోనేనని, అది కెప్టెన్ ఒక్కడే మనకి నేర్పాడని. జనం తడుస్తూనే విన్నారు. చివర ఒక ముసలాయన చెయ్యెత్తాడు.

"మరి దండం పెడుతున్నారో, చక్రం పోయిందో ఇకనుంచి మాకెలా తెలుస్తుంది?"

తుషావ్ నా వైపు చూశాడు. నేను ఇంద్రాణి వైపు చూశాను.

"నిజంగా చక్రం పోయినప్పుడు రెక్కలు ఊపే తీరిక ఏ పైలటుకీ ఉండదు తాతా," అంది ఇంద్రాణి, చెంబు మీద నీళ్లు తుడుస్తూ. "మా నాన్నకి తప్ప."