బెర్నీస్ ముప్పయ్యో రోజు

మా సినగాగులో, అదే మా యూదుల ప్రార్థనా మందిరంలో, మంచితనానికో కమిటీ ఉంది. ఆ కమిటీకో ఉపకమిటీ, దానికో వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులో ఎవరు ఎవరి మనసు నొప్పించారో తేల్చుకోడానికి ఇంకో గ్రూపు. ఏటా నవంబరులో ఒక ఆదివారం 'మంచిపనుల రోజు' అని చేస్తాం. మరి మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ ఏం చేస్తారర్రా అని మా ఆయన మార్టీ బతికున్నన్నాళ్లూ అడిగేవాడు. అందుకే ఆయన్ని ఏ కమిటీలోనూ వెయ్యలేదు.

కమిటీకి పెద్ద ఎలీస్ కాంటరోవిట్జ్. పళ్ల డాక్టరు, యాభై ఏళ్లుంటాయి. మంచి మనిషి. కావాలంటే ఆవిణ్ణే అడగండి. జాబితాలు రాసే పని మాత్రం నాది. నా పేరు లొరెయిన్, వయసు డెబ్భై ఒకటి, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఇంతకంటే అర్హత ఏం కావాలి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తప్పు ఎవరిదని ఆఖర్న మీరు అడక్కుండా ముందే చెప్పేస్తున్నా, ఆ జాబితా రాసింది నేనే.

ఈసారి కార్యక్రమం ఊరి తూర్పువైపున్న అన్నదానపు గిడ్డంగిలో. పప్పులు, పాస్తా పెట్టెలకెత్తాలి. నలభై మంది, ఒక బస్సు, నీలం రంగు టీషర్టులు. వాటిమీద 'మంచికి సెలవు లేదు' అని అచ్చేయించారు. రోజు మాత్రం సెలవురోజే.

"ఒక్కో జట్టుకీ ఒక నాయకుడు కావాలి లొరెయిన్. టైముకి వచ్చే మనిషిని వెయ్యండి" అంది ఎలీస్.

మావాళ్లలో టైముకి వచ్చేదెవరు? పెళ్లికి పిలిస్తే విడాకులప్పుడు వచ్చే రకం. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ప్రార్థనకొచ్చే పదీ పన్నెండుమందే టైముకొస్తారు. వాళ్లలో ఎనిమిది మందిని ఎనిమిది జట్లకీ నాయకులుగా వేసి పారేశాను. మరి ఆ ఆదివారం పొద్దున్న ప్రార్థనకి ఎవరుంటారన్నది నా బుర్రకి తట్టలేదు. వాళ్ల బుర్రలకీ తట్టలేదు. జాబితాలో ఎవరి పేరు వాళ్లు చూసుకుని, నేనొక్కణ్ణి లేకపోతే కొంపలేం మునిగిపోవు, మిగతావాళ్లుంటారుగా అనుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు.

ప్రార్థనకి కనీసం పదిమంది లేకపోతే ఏమవుతుందంటే, ప్రార్థన ఎవరిది వాళ్లు గొణుక్కోవచ్చు గానీ కద్దిష్ చెప్పకూడదు. అది పోయినవాళ్ల కోసం చెప్పేది. చెప్పేవాడొకడుంటే చాలదు, ఆమెన్ అనేవాళ్లు ఉండాలి. దుఃఖం ఒంటరిగా పడొద్దు నాయనా అని మా పెద్దలు పెట్టిన నియమం. మా సినగాగులో ఆడవాళ్లనీ లెక్కలోకి తీసుకుంటారు. ఉన్న మగవాళ్లతో పది నిండకపోతే సమానత్వం ఎంత త్వరగా వస్తుందనుకున్నారు.

ఆ ఆదివారం పొద్దున్న ఏడున్నరకి నేను వంటగదిలో ఉన్నాను, తిరిగొచ్చే వీరులకి తిండి సిద్ధం చెయ్యడానికి. తలుపు తోసుకుని ఆస్కార్ ల్యూబిన్ గారొచ్చారు. ఎనభై నాలుగేళ్లు. సోఫాలకి గుడ్డ తొడిగే పని చేసి రిటైరయ్యారు. బూట్లకి మంచు, ఒంటిమీద నల్ల సూటు.

"ఇవాళ సూటేంటండీ?" అన్నాను, బుద్ధి లేకుండా.

"ముప్పయ్యో రోజు కదమ్మాయ్" అన్నారాయన. డెబ్భై దాటినా ఆయనకి నేను అమ్మాయినే. "పెళ్లాం పోతే ముప్పై రోజులేగా మనకి లెక్క. ఇవాళ పొద్దుటిదే ఆఖరు. బెర్నీస్‌కి ఈ సూటు ఇష్టం."

నా గుండె జారి బేగెల్ రొట్టెల బుట్టలో పడింది.

బెర్నీస్ ఆయన భార్య. ఆవిడ గురించి ఒక్క ముక్క చెప్పాలి. మాలో ఎవరైనా పోతే, పాతిపెట్టి ఇంటికొచ్చాక ఆ ఇంటివాళ్లు మొదట తినేది ఉడికించిన గుడ్డు. అది పరాయి ఇంటినుంచి రావాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊళ్లో ఏ చావింటికైనా ఆ గుడ్లు బెర్నీస్ ఇంటినుంచే వెళ్లేవి. మా మార్టీ పోయినప్పుడు నేను తిన్నదీ ఆవిడ గుడ్డే. కమిటీలో లేదు, ఫోటోల్లో లేదు, గోడమీది దాతల ఇత్తడి పలకల్లో అసలే లేదు. ఆవిడ పోయిన రోజు, ఆస్కార్ గారింటికి ఎవరేం వండి పంపుతారో రాయమని ఎలీస్ గ్రూపులో లింకు పెట్టింది. ఇరవై ఆరుగురు పోటీలు పడి పేర్లు రాశారు. ఆయనింటికి పదకొండు కూగెల్‌లు చేరాయి, నూడుల్స్‌తో చేసే తీపి వంటకం అది. గుడ్లు మాత్రం రాలేదు. ఎందుకొస్తాయి, తెచ్చే మనిషి పెట్టెలో ఉందిగా. సాయంత్రానికి నాకు గుర్తొచ్చి పరిగెత్తాను. అప్పటికే ఆయన ఎవరిదో కూగెల్ చల్లగా తినేసి కూర్చున్నారు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

సరే. ఎనిమిదైంది. చిన్న గదిలో చేరినవాళ్లని చూశాను. మాలో మనుషుల్ని వేలు చూపించి ఒకటి రెండు అని లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుందంటారు. అందుకని ఒకటి కాదు, రెండు కాదు అని లెక్కపెడతాం. ఆస్కార్ గారు ఒకటి కాదు. నేను రెండు కాదు. తొంభైకి దగ్గరపడ్డ ముసలాయనలు ముగ్గురు, అందులో ఒకాయన అప్పుడే గుర్రు పెడుతున్నాడు. ఐదు కాదు. అంతే.

కిటికీలోంచి చూస్తే బస్సు ఇంకా వాకిట్లోనే ఉంది. మావాళ్లు వేళకి బయల్దేరి చచ్చారు కనుకనా. ఏప్రన్‌తోనే పరిగెత్తాను.

ఎలీస్ బస్సు మెట్టు మీద పేర్ల జాబితా తగిలించిన అట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"ఐదుగురు కావాలి ఎలీస్. పావుగంట చాలు."

"దేనికీ?"

"ఆస్కార్ గారు కద్దిష్ చెప్పుకోవాలి. లోపల ఐదుగురమే ఉన్నాం."

"అయ్యో పాపం" అంది, చెయ్యి గుండెమీద పెట్టుకుని. "సాయంత్రం పెడదాం. ఇప్పుడే లింకు పెడతా, ఐదు నిమిషాల్లో నిండిపోతుంది చూడండి."

"సాయంత్రమంటే కుదరదు. ముప్పయ్యో రోజు పొద్దుటి ప్రార్థనతో సరి."

"అంత పట్టింపా? దేవుడు అర్థం చేసుకోడా?"

"దేవుడు చేసుకుంటాడమ్మా. ఆస్కార్ గారు చేసుకోలేరు."

"లొరెయిన్, ఎనిమిదిన్నరకి గిడ్డంగి దగ్గరుండాలి. మన గురువు రబ్బైగారు ముందే వెళ్లిపోయారు, పేపరువాళ్ల ఫోటోగ్రాఫరు వచ్చి కూర్చున్నాడట. అక్కడ జనం ఆకలితో ఎదురు చూస్తున్నారు."

"ఆ పెట్టెలు పంచేది మంగళవారం. జాబితా రాసింది నేను, నాకు చెప్పకు."

ఆవిడ్ని పక్కకి నెట్టి బస్సెక్కాను. నాయకులెనిమిది మందీ వరసగా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే అందరికీ తమ బూట్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. విషయం చెప్పాను.

"నేను దిగేవాణ్ణే లొరెయిన్" అన్నాడు హెర్షెల్. ఇతను పదేళ్లుగా ఆస్కార్ గారి పక్క కుర్చీ. "నా జట్టులో ఇద్దరు కొత్తవాళ్లున్నారు మరి."

"నేనొక్కదాన్ని దిగితే ఆరే కదా అవుతారు" అంది ఇంకొకావిడ. "దానివల్ల లాభమేముంది?"

ఆ మాట అందరికీ నచ్చింది. ఎవరి మట్టుకు వాళ్లు చూసుకుంటే నిజమే కదా, తను దిగినా పది కాదు. ఒకాయన సగం లేచాడు కూడా. చుట్టూ చూశాడు, ఇంకెవరూ లేవలేదు, కూర్చున్నాడు. ఇలా నలభై మందీ విడివిడిగా లెక్క కట్టుకుని, ఒక్క మనిషివల్ల ఉపయోగం లేదని తేల్చేశారు. మంచికి సెలవు లేదని గుండెలమీద రాసుకుని మరీ. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి పట్టుచీర పెడతానన్నాడట. మా సంగతి అదే.

"పప్పుల బల్ల దగ్గర ఒక మనిషి తక్కువయ్యారు, ఒక సీటు ఖాళీ" అంది ఎలీస్ వెనకనుంచి. "మీరొస్తారా పోనీ?"

బస్సు దిగిపోయాను.

లోపల ఆస్కార్ గారు ప్రార్థన పుస్తకం వేలు పెట్టి పట్టుకుని నిలబడే ఉన్నారు, ఆ పేజీ దగ్గరే. నా మొహం చూసి పుస్తకం మూసేశారు.

"పోన్లే అమ్మాయ్. వాళ్లది మంచిపనేగా. ఆకలిగొన్నవాళ్లు ముందు, పోయినవాళ్లు తర్వాత. బెర్నీస్ అయినా అదే అంటుంది."

అంటుంది, ఆవిడ అలాంటిదే. మూసిన పుస్తకాన్ని మాత్రం కింద పెట్టలేదాయన. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఏడుపుకంటే అదే నయమనిపించింది.

"కోటు తొడుక్కోండి" అన్నాను.

"ఎక్కడికీ?"

"వాళ్లు దిగరట. మనమే ఎక్కుదాం."

ఆయన్ని చూడగానే ఎలీస్ మొహం వెలిగిపోయింది. మైకు అందుకుంది. "చూశారా, ఇంత దుఃఖంలోనూ ఆస్కార్ గారు సేవకొచ్చారు" అని, పైకోటు విప్పించి, నల్ల సూటు మీదనుంచే ఆయనకి నీలం టీషర్టు తొడిగేసింది. ఆయన చిన్నపిల్లాడిలా చేతులెత్తి తొడిగించుకున్నారు. బస్సు కదిలింది. నేను డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి మొదటి వరసనుంచి మొదలుపెట్టాను. ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు. మూడో వరసకే పది కాదు అయిపోయింది.

"జిగ్గీ, బండి ఆపు" అన్నాను.

జిగ్గీ పోలండ్‌వాడు, మా బస్సులన్నీ అతనే నడుపుతాడు. "ఎవరికన్నా వాంతులా?"

"కాదు, ప్రార్థన."

"ఆ పెట్రోలు బంకులో ఆపనా?"

"ఆపు."

"లొరెయిన్, ఇది కార్యక్రమంలో లేదు" అంది ఎలీస్.

"జాబితా నాదేగా. ఇప్పుడు రాస్తున్నా." అందరి వైపూ తిరిగాను. "పదిమంది ఎక్కడుంటే అదే ప్రార్థనా మందిరం, చిన్నప్పుడు మీకూ నేర్పారు. ఇక్కడ నలభై మందిమి ఉన్నాం. ఎవరూ దిగక్కర్లేదు, ఎవరి జట్టూ చెడిపోదు. లేచి నిలబడి, ఆమెన్ అనండి చాలు."

ఒకరి తర్వాత ఒకరు లేచారు. హెర్షెల్ అందరికంటే ముందు లేచాడు, ఇప్పుడు లేవడానికి ఖర్చేముంది. మేం ప్రార్థించేది తూర్పుకి తిరిగి; బండి బంకులోకి తిరిగి ఆగేసరికి ఆ తూర్పు బస్సు వెనకవైపు పడింది. ఆస్కార్ గారు అటు తిరిగి, సీటు అంచు పట్టుకుని మొదలుపెట్టారు. మొదటి ఆమెన్ అక్కడక్కడా వినిపించింది. రెండోది కాస్త నయం. సగం మంది ఫోన్లలో వెతుక్కుని చదువుతున్నారు, చదవనీ. మూడోది బస్సంతా అంది. జిగ్గీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చివర మా ఆచారం ప్రకారం ఆయన మూడడుగులు వెనక్కి వెయ్యాలి. బస్సు నడవలో చోటు లేక మూడు చిన్న అడుగులు వేశారు. అయిపోయింది. నా కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

అప్పుడు మైకు గరగరలాడింది.

"ఆస్కార్ గారి కోసం అందరూ ఒకసారి గట్టిగా!" అంది ఎలీస్.

కద్దిష్ అయ్యాక చప్పట్లు నా డెబ్భై ఒక్కేళ్లలో వినలేదు. పొద్దున్న ప్రార్థన మొహం ఎప్పుడూ చూడనివాళ్లు గట్టిగానే కొట్టారు. చూసినవాళ్లు కొయ్యబారిపోయారు. నాకైతే బస్సు కిందకి దూరి పడుకోవాలనిపించింది. ఏదో తేడా కొట్టిందని తెలిసి చప్పట్లు వాటంతటవే చచ్చిపోయాయి. ఎలీస్ చెవులదాకా ఎర్రబడింది.

ఆస్కార్ గారు మెల్లగా ఇటు తిరిగారు.

"ఎవరికి కొట్టారూ?"

"మీకేనండీ" అంది ఎలీస్, చిన్న గొంతుతో.

"నాకెందుకమ్మా, నేను చదివానంతే. మా బెర్నీస్‌కి కొట్టండి. ముప్పై ఎనిమిదేళ్లు చేసింది మీకు. దానికి ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగారు. అని ఊరుకోలేదు, సీట్లో కూర్చుని, నీలం టీషర్టు మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

ఒక్కరి చెయ్యీ లేవలేదు. ఇక లాభం లేదని ముందు నేనే మొదలుపెట్టాను. తర్వాత హెర్షెల్. తర్వాత ఎలీస్ మైకు కింద పెట్టి కొట్టింది, ఏడుస్తూ. గిడ్డంగికి ఆలస్యమైపోయింది, ఫోటోగ్రాఫరు వెళ్లిపోయుంటాడు. ఎవరూ గడియారం చూడలేదు. ఆయన చాలనేదాకా కొట్టాం. ఆయన చాలాసేపు చాలనలేదు.