మింగేసిన ఐదున్నర గంటలు

విమానం టికెట్లు అచ్చేసే పెద్దమనుషుల్లారా, మా ఐదున్నర గంటలు ఎవరు మింగారు? హైదరాబాదులో బయలుదేరేది పొద్దున ఏడూ యాభై, లండన్‌లో దిగేది మధ్యాహ్నం ఒకటింబావు అని రాశారు. చదివినవాడు ఏం చేస్తాడు? ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తాడు. అది తప్పా? మీ బళ్లో నేర్పిన తీసివేతే కదా.

అడుగుతున్నది నేను. నేను ఒక డప్పును. మెత్తగా మాట్లాడటం నాకు రాదు. నన్ను చేసింది అందుక్కాదు.

నా చట్రం వేపకర్ర, నా మొహం మేకతోలు. చింతగింజల జిగురుతో ఆ రెంటినీ అతికించినవాడు మంథని పక్క పల్లెలో ఉండే ఓదెలు తండ్రి. ఆయన చేతిలో నేను చావులకు మోగాను, పంచాయతీ చాటింపులకు మోగాను, బొగ్గుబాయి గేటు ముందు సమ్మెకు మోగాను. చావింటి నుంచి నన్ను ముందు నడిపించినవాళ్లే పెళ్లింట్లో నన్ను గడప బయట నిలబెట్టారు. మనుషులకు నా చప్పుడు కావాలి, నేను అక్కర్లేదు. నవ్వుకోవడం అలవాటైపోయింది. ముసలాయన పోయాక ఓదెలు నన్ను భుజాన వేసుకున్నాడు. చేతులు మారాయి గానీ నన్ను కొట్టే పుల్లలు అవే.

నాకో బలహీనత ఉంది. తేమ తగిలితే నా తోలు సడలిపోతుంది, తడిబట్ట బండకేసి కొట్టినట్టు మోగుతాను. గడ్డిమంట సెగ చూపిస్తే తోలు బిగిసి కణకణమంటాను. సెగ లేనిదే నాకు గొంతు లేదు.

నవంబరులో లండన్‌లోని ఒక తెలుగు సంఘం వాళ్లు ఓదెలునూ, అతని బామ్మర్ది రాజలింగునూ పిలిచారు. దిగిన రోజు సాయంత్రం ఐదింటికే ఆట. ఫోనులో ఒక మాట గట్టిగా చెప్పారు: హాలులో మంట పెట్టకూడదు, అగ్గిపుల్ల గీసినా ప్రమాద గంటలు మోగుతాయి. ఓదెలు ఏమీ భయపడలేదు. ప్రయాణం ఐదు గంటల ఇరవై అయిదు నిమిషాలు, బాగా కాచిన డప్పు అంతమాత్రం ఆగుతుంది, దిగేది మట్టమధ్యాహ్నం కాబట్టి మిగతాది ఎండ చూసుకుంటుంది అన్నాడు. ఊళ్లో కనిపించినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు:

"మా నాయిన డప్పు ఇన్నేండ్లు గడప బయటనే మోగింది. ఇప్పుడు కుర్సీలల్ల కూసున్నోళ్ల ముందు మోగాలె."

అతనికి కావలసింది అంతే. నాకు కావలసిందీ అంతే.

విమానాశ్రయానికి పోయే దారిలో ఆగి, గడ్డిమంట వేసి నన్ను బాగా కాచాడు. విమానాశ్రయంలో నన్ను సామాన్లతో పాటు కిందికి పంపమన్నారు. ఓదెలు చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని వదల్లేదు. చివరికి నన్ను తలల మీది అరలో పెట్టుకోనిచ్చారు. ఓదెలు కింద కట్టెలా బిగుసుకుని కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే వద్దన్నాడు. ఐదు గంటలే కదా, గాల్లో పాయఖానాకు పోయేదేంది, ఆపుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు పాపం.

అతని చేతి గడియారంలో ఒకటింబావు అయింది. ఓదెలు లేచి అర తెరిచి నన్ను దించాడు.

"జర జరుగు బిడ్డా, ఊరొచ్చింది" అన్నాడు పక్క సీటు అమ్మాయితో.

ఆమె పేరు కరుణ. కొత్తగూడెం పిల్ల, లండన్ ఆసుపత్రిలో నర్సు. నవ్వు ఆపుకుంటూ, "ఇంకా ఐదున్నర గంటలుంది పెద్దాయనా, కూర్చోండి" అంది.

ఓదెలు నన్ను చంకన పెట్టుకునే కూలబడ్డాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. దిగేసరికి ఏడు కావస్తుంది. ఆట ఐదింటికి.

"పాయె. ఆట పాయె."

"నువ్వు తీసివేత జేసినప్పుడే అనుకున్న బావా. బడి మొకం జూసినోనివా?" అన్నాడు రాజలింగు.

"నువ్వు జూసినవా?"

"జూడలే. అందుకే లెక్క నీకిడిసిన."

కరుణ ఓపిగ్గా చెప్పింది. అక్కడ పొద్దు మనకంటే ఐదున్నర గంటలు ఆలస్యంగా నడుస్తుందట. మీరు దిగినప్పుడు అక్కడి గడియారాల్లో ఒకటింబావే ఉంటుంది, ఆట ఎక్కడికీ పోదు అంది. ఓదెలు తన చేతి గడియారాన్ని తిప్పి చూసుకున్నాడు.

"ముల్లు ఎనుకకు తిప్పుకుంటరు సరే. నా నడుం నొప్పిని తిప్పుతరా?"

ఓదెలు లేచి గబగబా పాయఖానాకు నడిచాడు. ఆ మొత్తం లెక్కలో అతనికి బాగా అర్థమైంది అదొక్కటే.

తిరిగొచ్చాక నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. అతని భయం నాకు తెలుసు. ఐదు గంటలకని కాచిన డప్పు పదకొండు గంటలు ఎలా ఆగుతుంది? మెల్లగా వేలితో ఒక్క దెబ్బ కొట్టాడు.

కణ్‌మన్నాను. నేనే బిత్తరపోయాను. ఇప్పుడే మంట మీంచి దించినట్టున్నాను. ముందు వరుసలో ఒకాయన గురక ఆగిపోయింది. విమానం అమ్మాయి వచ్చి కొట్టొద్దని దండం పెట్టినంత పని చేసింది. ఈ గాల్లో చెమ్మ ఉండదు, అందుకే మనకు పెదాలు పగులుతాయి అని కరుణ అంది. ఓదెలు తన పెదాలు తడుముకున్నాడు, నన్ను తడిమాడు.

"అగ్గి లేకుంటనే కాగిందిరా" అన్నాడు బామ్మర్దితో.

ఇక మిగిలిన దారంతా నన్ను పైనుంచి వచ్చే గాలి కింద పెట్టి, పెనం మీద రొట్టెలా అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. విమానం కిందికి దిగుతున్నదనగానే గొంగడిలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టాడు. బయట జోరున వాన. ఎండ అన్న మాటే లేదు. సంఘం ఆయన వాన తన తప్పైనట్టు నసిగాడు. ఓదెలు నవ్వాడు. వేదిక ఎక్కేదాకా గొంగడి విప్పలేదు.

ఐదింటికి విప్పాడు. పుల్లలు నా మీద పడ్డాయి. ఆ హాలు నిండా కుర్చీలున్నాయి. మూడో దరువుకు వాటిలో ఒక్కరూ కూర్చుని లేరు.

ఇప్పుడు ఓదెలు ఇంట్లో మేకుకు వేలాడుతున్నాను. విమానం వాళ్లు కట్టిన కాగితం పట్టీ ఇంకా నా చట్రానికే ఉంది, ఓదెలు తియ్యనివ్వడు. నిజం ఒప్పుకుంటాను: మీరు మింగిన ఆ ఐదున్నర గంటలే నన్ను కాచాయి. టికెట్టు చెప్పినంతే ప్రయాణమై ఉంటే, అంత బిగువుతో ఆ వానలో దిగేదాన్ని కాదేమో. అంతమాత్రాన మిమ్మల్ని వదిలేస్తానా?

ఎక్కే వేళ, దిగే వేళ రాసి చేతులు దులుపుకోకండి. ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాల్లో గంటలు రాశామని నా దగ్గర చెప్పకండి. మనిషి ఎన్ని గంటలు ఆ కుర్చీలో కూర్చోవాలో టికెట్టు నడినెత్తిన రాయండి. బడికి పోని ఓదెలు కూడా కూడబలుక్కుని చదవగలిగేంత పెద్దగా, తెలుగులో రాయండి. రేపూ ఎల్లుండీ కాదు, ఈ పూటే. లేదంటే ఊరూరా చాటింపు వేస్తాను. నా గొంతు ఇంకా చల్లారలేదు.